శబరి కొత్తగూడెం: ఊరు కదలలేదు, చిరునామా కదిలింది

(భద్రాచలంలో జరిగిన ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఎండలో కూసున్న అన్నలకు, అక్కలకు, సరిహద్దు దాటి వచ్చిన చుట్టాలకు ప్రత్యేకంగా దండం.

సరిహద్దు అంటే ఇక్కడున్న మీకు నవ్వొస్తది, నాకు తెలుసు. ఈ భద్రాచలం పొలిమేర దాటి ఎటపాకలో కాలు పెడితే ఆంధ్రప్రదేశ్. ఇక్కడి నుంచి మన దుమ్ముగూడెం పోవాలన్నా, చర్ల పోవాలన్నా నడుమ ఇంకో రాష్ట్రం మట్టి తొక్కే పోవాలి. రాములవారి గుడి తెలంగాణలో ఉన్నది. ఆ రాములవారి మాన్యం, 889 ఎకరాల దాకా, పురుషోత్తపట్నంలో, అంటే ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది. దేవునికే ఈ గతి పట్టినప్పుడు మనుషులను అడిగేదెవరు?

నేను ఈ రోజు పెద్ద పెద్ద సంగతులు చెప్పను. ఒక చిన్న ఊరు గురించి చెప్త. ఆ ఊరు పేరు చెప్తే సభలో సగం మంది ఎక్కడున్నది అని అడుగుతరు. ఆ అడగడంలోనే మన తప్పు కూడా ఉన్నది.

రెండు కొత్తగూడేలు

కొత్తగూడెం అంటే మనకు ఏం యాదికొస్తది? బొగ్గు. సింగరేణి హెడ్డాఫీసు. 2011లో సకల జనుల సమ్మెల బొగ్గు బాయిలు బందు పెట్టిన కార్మికులు. 2016లో ఆ కొత్తగూడెం జిల్లా కేంద్రం కూడా అయింది. మంచిదే.

కానీ ఇంకో కొత్తగూడెం ఉన్నది. కూనవరం మండలంలో, శబరి నది ఒడ్డున. దాని పేరు శబరి కొత్తగూడెం. కొత్తగా ఒక గూడెం లేస్తే కొత్తగూడెం అంటరు, మన్యం నిండా కొత్తగూడేలే. ఏ కొత్తగూడెం అని అడిగితే చెప్పేటందుకు ఒక గుర్తు కావాలి. ఈ ఊరోళ్ళకు గుర్తు ఏరు. మనకు ఇంటిపేరు ఎట్లనో ఆ ఊరికి శబరి అట్ల.

ఇది మన జిల్లాలో కొత్త సంగతి కాదు. పాలేరు అంటే ఏరు, పాలేరు అంటే ఊరు కూడా. వైరా అంటే ఏరు, వైరా అంటే పట్నం కూడా. నీళ్ళు ఎక్కడుంటే అక్కడ ఊరు, ఊరుకు నీళ్ళ పేరు. మనిషి ఏటిని నమ్ముకొని బతికిండు అనడానికి ఇంతకంటే పెద్ద దస్తావేజు ఏం కావాలి? ఏ రెవెన్యూ ఆఫీసులో దొరకని పట్టా ఇది.

పాలేరు, వైరా పేర్లు అందరికీ తెలుసు. అక్కడ రిజర్వాయర్లు ఉన్నయి, అసెంబ్లీ సీట్లు ఉన్నయి. శబరి కొత్తగూడేనికి అవేవీ లేవు. దానికున్నది ఏరొక్కటే.

శబరి ఎవరి ఏరు?

శబరి ఎక్కడ పుట్టింది? ఒడిశాలో, కోరాపుట్ కొండల్లో. అక్కడ దాన్ని కొలాబ్ అంటరు. కొంత దూరం ఒడిశాకు, ఛత్తీస్‌గఢ్‌కు నడుమ తానే సరిహద్దు అయి పారుతది. కుంట దగ్గర, మూడు రాష్ట్రాలు కలిసే చోట, సీలేరు వచ్చి దానిలో కలుస్తది. అక్కడి నుంచి చింతూరు మీదుగా వచ్చి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తది. ఒడిశాలో కోయలున్నరు, ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నరు, ఇక్కడా ఉన్నరు. కొండల మీద కొండరెడ్లున్నరు. పిల్లనిచ్చేది, పిల్లను తెచ్చుకునేది, సంతకు పోయేది, జాతరకు పోయేది ఏ సర్కారు గీతను చూసి కాదు, ఏటి దారిని చూసి.

ఈ ఏరు పెట్టేదీ తెలుసు, కొట్టేదీ తెలుసు ఆ ఊళ్ళకు. వరద తీసినంక ఒడ్డున మిగిలే ఒండ్రు మీద మిరప, పొగాకు, జొన్న పండిస్తరు. అడవిలోకి పోతే తునికాకు, ఇప్పపువ్వు, చింతపండు. వానాకాలం గోదావరి నిండుగా ఉన్నప్పుడు శబరి నీళ్ళు కలిసేటందుకు దారి దొరకదు. ఎనకకు తంతయి. దాన్ని ఎగపోటు అంటరు. ఎగపోటు వస్తే పైన చుక్క వాన లేకపోయినా ఊళ్ళోకి నీళ్ళొస్తయి. ఎక్కడో కురిసిన వానకు ఎక్కడో ఉన్న ఊరు మునుగుతది.

ఈ ఎగపోటు అన్న మాట మనసులో పెట్టుకోండి. ఈ ఊళ్ళ చరిత్ర అంతా ఎగపోటే. ఎక్కడో ఢిల్లీలో, హైదరాబాదులో, అంతకు ముందు మద్రాసులో ఎవరో ఒక కాగితం మీద గీత గీస్తరు. ఆ నీళ్ళు వచ్చి శబరి ఒడ్డున తగులుతయి.

గీతల చరిత్ర

చూడండి. 1860లో నిజాము గోదావరికి ఈ ఒడ్డున్న తాలూకాలను ఇంగ్లీషోళ్ళకు ఇచ్చేసిండు. వాళ్ళు వీటిని సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలుపుకున్నరు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను అందులోంచి తీసి మద్రాసు రాష్ట్రంలో, గోదావరి జిల్లాలో కలిపిన్రు. అప్పుడు ఏమైంది? కొత్త సర్కారు వచ్చినంక రేకపల్లి ప్రాంతంలో పోడు పన్ను మూడింతల దాకా పెంచిన్రు. అడవిలోకి పోవద్దన్నరు. 1879లో రంప తిరుగుబాటు లేచింది, అది రేకపల్లి దాకా పాకింది. చిరునామా మారితే అడివి మనిషికి ఏమైతదో అప్పుడే తేలింది.

తర్వాత 1953లో ఆంధ్ర రాష్ట్రం. 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మం జిల్లాలో కలిపిన్రు. యాభై ఐదు ఏండ్లు ఖమ్మమే జిల్లా. రెండు తరాలు అక్కడే చదువుకున్నయి, అక్కడి దవాఖానాలనే నమ్ముకున్నయి, అక్కడి కోర్టుకే నడిచినయి. 2014లో మళ్ళీ తూర్పు గోదావరి. 2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా. 2025 చివర్లో రంపచోడవరం కేంద్రంగా పోలవరం జిల్లా.

లెక్కేసుకోండి. 2014 ఎండాకాలంలో ఖమ్మం జిల్లాలో పుట్టిన పిల్ల ఇప్పుడు నడుస్తున్నది నాలుగో జిల్లాలో. ఆ పిల్ల ఇల్లు మారలేదు. ఏరు మారలేదు. గడప కూడా అదే.

ఖమ్మం ఆ ఊళ్ళకు దూరమే, కాదనను. కానీ నడుమ భద్రాచలం ఉండేది, యాభై కిలోమీటర్లకు కొంచెం పైన. ఐటీడీఏ ఉండేది, పెద్ద దవాఖానా ఉండేది, బస్సు ఉండేది. 2014 తర్వాత కలెక్టరుకు అర్జీ ఇయ్యాలంటే కాకినాడ, రెండు వందల కిలోమీటర్ల దాకా. 2022 తర్వాత పాడేరు, ఘాటు రోడ్లెక్కి రెండు వందలకు పైన. కూలిపని మానుకొని ఇంత దూరం పోయేదెవరు? దూరం కూడా ఒక రకం నిరాకరణే. ఇయ్యనని చెప్పేది ఉండదు, అందకుండ చేస్తే చాలు.

అడగని సంతకం

నేను ఖమ్మంలో డిగ్రీ చదివేటప్పుడు ఉద్యమంలోకి వచ్చిన. 2009 నవంబర్ 29న కేసీఆర్‌ను అలుగునూరు దగ్గర అరెస్టు చేసి ఖమ్మం జైలుకు తెచ్చిన్రు. ఆ రోజు నుంచి మా కాలేజీ పిల్లలం రోడ్డు మీదనే. మా ముందు తరం 1969లో ఏం జేసిందో మాకు పెద్దలు చెప్పేటోళ్ళు. పాల్వంచ థర్మల్ కేంద్రంలో కొలువుల కాడ మొదలైన లొల్లి ఖమ్మంలో నిరాహార దీక్షగా మారి రాష్ట్రమంతా అంటుకున్నది. ఆ థర్మల్ కేంద్రానికి నీళ్ళు ఎక్కడివి? కిన్నెరసానివి. మా ఏరు, మా కరెంటు, కొలువులు మాత్రం వేరేటోళ్ళకు. ఈ ఒక్క ముక్క మాకు తెలంగాణ అంటే ఏందో నేర్పింది.

2014 మార్చిలో విభజన చట్టం వచ్చింది. అందులో పోలవరం ముంపు గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చిన్రు. అప్పటికే అన్యాయం అన్నం. మే 29న, కొత్త రాష్ట్రానికి నాలుగు రోజుల ముందు, ఆర్డినెన్సు వచ్చింది. ఈసారి ఊళ్ళు కాదు, మండలాలకు మండలాలే. కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపహాడులో కొన్ని ఊళ్ళు, భద్రాచలం పట్నం తప్ప మిగిలిన భద్రాచలం మండలం. జులైలో పార్లమెంటు దానికి ముద్ర వేసింది. చింతూరు మండలంతో పాటే మోతుగూడెం దగ్గరున్న 460 మెగావాట్ల దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం కూడా పోయింది.

ఆ రోజు బంద్. నేను ఈ భద్రాచలం వంతెన మీద జెండా పట్టుకొని నిలబడ్డ. నాలుగు రోజుల తర్వాత జూన్ 2. అదే జెండా పట్టుకొని ఖమ్మంలో రంగులు చల్లుకున్న. ఈ రెండు రోజులు నాకు ఇప్పటికీ ఒకదానితో ఒకటి కలవవు.

ఆంధ్రప్రదేశ్ వైపు వాళ్ళు ఒక మాట అంటరు. 1959 దాకా ఇది మాదే గదా అని. ఆ తారీఖు అబద్ధం కాదు. నేను అంతకంటే వెనకకు పోయి 1860 దాకా నిజాముదే అనగలను. ఆ వాదనకు అంతుండదు. అది పాత యజమానుల పంచాయితీ. నేను అడిగేది వేరే. 1860లో గానీ, 1874లో గానీ, 1959లో గానీ, 2014లో గానీ, శబరి ఒడ్డున్న ఒక్క గూడెం మనిషినైనా పిలిచి మీరు ఎక్కడుంటరు అని ఎవరైనా అడిగిన్రా? షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకోవాలంటే గ్రామసభను సంప్రదించాలని 1996 పెసా చట్టం చెప్తది. ఎకరం తీసుకుంటే అడగాలె. ఊరికి ఊరే తీసుకొనిపోయి ఇంకో రాష్ట్రంలో పెడితే అడగనక్కర లేదు. ఇదేం న్యాయం?

ఓటు ఒక కాడ, బతుకు ఒక కాడ

ఇంకో సంగతి వినండి, ఇది చాలా మంది మరిచిపోయిన్రు. 2014 ఏప్రిల్ 30న ఈ మండలాల జనం తెలంగాణ అసెంబ్లీకి ఓటేసిన్రు. భద్రాచలం ఎమ్మెల్యేగా సున్నం రాజయ్య గెలిచిండు. సైకిలు మీద, బస్సులో తిరిగే మనిషి, సీపీఎం. ఆయన సొంతూరు వి.ఆర్.పురం మండలం సున్నంవారిగూడెం. నెల తిరిగేసరికి ఆయన ఊరు ఆంధ్రప్రదేశ్‌లో, ఆయన కుర్చీ తెలంగాణ అసెంబ్లీలో. ఓటేసిన జనం ఒక సర్కారు కింద, ఓటు గెలిచిన మనిషి ఇంకో సర్కారులో. 2019 ఎన్నికల దాకా ఈ ఊళ్ళ గోడు వినిపించేటందుకు ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో వాళ్ళు ఎన్నుకున్న మనిషే లేడు. 2019లో రాజయ్య రంపచోడవరం నుంచి పోటీ చేసిండు, ఓడిపోయిండు. 2020లో కరోనాతో చనిపోయిండు. ఇల్లు కదలకుండ రెండు రాష్ట్రాల్లో పోటీ చేయాల్సి వచ్చిన మనిషి ఆయన. ప్రజాస్వామ్యం అని మనం గొప్పగా చెప్పుకునే దేశంలోనే ఇది జరిగింది.

ముంపు అంటే నీళ్ళొక్కటే కాదు

ఇదంతా ఎందుకు జరిగింది? పోలవరం కోసం. ప్రాజెక్టు పూర్తి నీటి మట్టం 45.72 మీటర్లు, 194.6 టీఎంసీల నీళ్ళు, 7.2 లక్షల ఎకరాల కొత్త ఆయకట్టు, 960 మెగావాట్ల కరెంటు. డెల్టా రైతుకు నీళ్ళొద్దని నేను అనను. మడికి నీళ్ళు కావాలె, ఎవని మడికైనా. కానీ సర్కారు లెక్కల ప్రకారమే లక్షకు పైన కుటుంబాలు లేవాలె. మొదటి విడతకు 41.15 మీటర్ల కాంటూరు అని ఒక గీత పెట్టిన్రు. గీత కింద ఉంటే ముందుగ పరిహారం, గీత పైన ఉంటే తర్వాత. కాగితం మీద గీత సక్కగనే ఉంటది. ఎగపోటుకు ఆ గీత తెలుస్తదా?

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తరని మీకు తెలుసు. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత పెద్ద వరద అదే. కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు రోజుల తరబడి నీళ్ళల్లనే ఉన్నయి. నీళ్ళు తీసినంక విలేకరిగా నేను ఆ వైపు పోయిన. ఇండ్ల మీద బురద గీత ఎంత ఎత్తున ఉన్నదో చూసిన. గుట్టల మీద పరదాల కింద బతికిన కుటుంబాలను చూసిన. వాళ్ళను మీరు గీతకు కిందనా, పైననా అని అడగడానికి నాకు నోరు రాలేదు. కాఫర్ డ్యాం కట్టినంక నీళ్ళు తొందరగా తీస్తలేవని ముంపు జనం అంటరు. ప్రాజెక్టు వాళ్ళు కాదంటరు. తేల్చాలంటే ఊరూరా కొలతలు పెట్టి, జనం ముందట లెక్క చెప్పాలె.

ఆ రోజు ఒక ముసలాయన నన్ను ఏ పేపరు అని అడిగిండు. చెప్పిన. హైదరాబాదు పేపరా, అయితే మా వార్త ఎందుకు రాస్తవు, మేము మీ వాళ్ళం కాదు గదా అన్నడు. కోపంగా అనలేదు. మామూలుగా, నిజం చెప్పినట్టు అన్నడు. నేను ఉద్యమంలో లాఠీ దెబ్బలు తిన్న. ఆ మాటంత గట్టిగా అవి తగలలేదు.

మన తప్పు కూడా చెప్పుకుందాం

అందుకే ఈ రోజు నేను ఎదుటోళ్ళను మాత్రమే తిట్టి కూసోను. నీళ్ళు, నిధులు, నియామకాలు అన్నం. నీళ్ళంటే శబరి నీళ్ళు కూడా అని అనుకోలేదా? ఒక్క రోజు బంద్ చేసినం. ఆ తర్వాత పండుగలో పడ్డం. వరద వచ్చినప్పుడల్లా ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, ఈ ఐదు పంచాయతీలు మాకు ఇయ్యండని మన నాయకులకు యాదికొస్తది. నీళ్ళు తీయంగనే ఆ మాట కూడా తీస్తది. ఆ ఐదు రావాలె, నేనూ అంటున్న. కానీ ఎందుకు ఐదే? భద్రాచలానికి దారి కావాలె, గుడికి మాన్యం కావాలె, పట్నానికి జాగ కావాలె. మనకు పనికొచ్చేటియే అడుగుతున్నం. మనకు పనికిరాని శబరి కొత్తగూడేన్ని ఎవరడగాలె?

చిన్న రాష్ట్రం ఎందుకు కావాలన్నం? పెద్ద రాష్ట్రంలో చిన్న ఊరి గొంతు వినపడదు అన్నం. ఆ మాట నిజమైతే, మన రాష్ట్రం పుట్టిన రోజే వదిలేసుకున్న చిన్న ఊరి గురించి మాట్లాడే బాధ్యత మనకే ఎక్కువ ఉన్నది.

ఏం చేద్దాం మరి? నాకు తోచిన మూడు మాటలు చెప్త.

ఒకటి. ఈ ఊళ్ళు ఏ రాష్ట్రంలో ఉంటయో అన్నది గ్రామసభల్లో అడగాలె. వాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంటమంటే ఉండనియ్యండి. నేను ఒప్పుకుంట. అడిగిన తర్వాత వచ్చిన జవాబును ఒప్పుకోకుంటే మనం ఉద్యమకారులం కాము.

రెండు. రెండు రాష్ట్రాల నడుమ నలిగే పిల్లల సంగతి. ఇల్లు అటు, చదువు భద్రాచలంలో. స్థానికత చదివిన చోటును బట్టి వస్తది. చదివిన కాడ స్థానికుడు, పుట్టిన కాడ స్థానికేతరుడు. వాళ్ళకు రెండు వైపులా నష్టం రాకుండ రెండు సర్కార్లు కూసొని రాతపూర్వకంగా తేల్చాలె. దవాఖానా సంగతి కూడా అంతే. పురిటి నొప్పులొచ్చిన ఆడబిడ్డను ఏ రాష్ట్రం అని అడిగే కార్డు ఉండొద్దు.

మూడు. ఇది చిన్నగ కనపడతది గానీ నాకు పెద్దది. ఊరు లేవాల్సే వస్తే, ఊరును ఊరుగానే లేపాలె. సగం ఒక కాలనీలో, సగం ఇంకో కాలనీలో పడేయొద్దు. కొత్త జాగకు ఆర్ అండ్ ఆర్ కాలనీ నంబరు ఇంత అని పేరు పెట్టొద్దు. శబరి కొత్తగూడెం అన్న పేరు రెవెన్యూ రికార్డులో, బడి గోడ మీద, బస్సు బోర్డు మీద ఉండాలె. ఏరు కనపడని చోట ఆ పేరు ఎందుకు అని ఆఫీసరు అడగొచ్చు. ఎందుకంటే రేపు ఆ ఊళ్ళో పుట్టే పిల్ల తన పేరులో ఈ శబరి ఎవరు అని అడగాలె. అప్పుడు వాళ్ళ అవ్వ చెప్తది, మనది ఏటి ఒడ్డు బిడ్డా అని. పట్టా గుంజుకోవచ్చు, పేరు గుంజుకుంటే మాత్రం ఇక అడిగేటందుకు కూడా ఏం మిగలదు.

చివరగా ఒక్క మాట. ఈ సభకు శబరి ఒడ్డు నుంచి వచ్చిన చుట్టాలున్నరని మొదట్లోనే చెప్పిన. మీరు మా వాళ్ళు కాదని ఎవరైనా అంటే నమ్మకండి. 2022లో ఆ ముసలాయనకు నేను జవాబు చెప్పలేదు, నోట మాట రాలేదు. ఈ రోజు ఇక్కడ చెప్తున్న. తాతా, గీత మేము గీయలేదు. కానీ గీసినప్పుడు ఒక్క రోజుకు మించి అడ్డం నిలబడలేదు. ఆ బాకీ మా మీద ఉన్నది. తీర్చేదాకా నీ ఊరు పేరు మా పేపర్ల రాస్తనే ఉంటం.

జై తెలంగాణ. జై ఆదివాసీ.